బెల్లా సుబ్బోతోవ్‌స్కయా: పరీక్ష గదిలో తోసేసిన పిల్లలకు పాఠాలు చెప్పించిన గణితవేత్త

2 ఆధారంగా 3కి లాగరిథం పెద్దదా, 3 ఆధారంగా 5కి లాగరిథం పెద్దదా? క్యాలిక్యులేటర్ లేదు, పట్టికలు లేవు. ఎదురుగా ఇద్దరు పరీక్షకులు గడియారం చూస్తూ కూర్చున్నారు. 1970ల్లో మాస్కో రాజ్య విశ్వవిద్యాలయంలోని యాంత్రికశాస్త్ర, గణితశాస్త్ర విభాగంలో (అందరూ మెఖ్‌మాత్ అని పిలిచేవారు) ప్రవేశం కోరి వచ్చిన పదిహేడేళ్ల పిల్లల ముందు పెట్టిన ప్రశ్నల్లో ఇదొకటి. జవాబు రెండు వాక్యాల్లో అయిపోతుంది. లాగరిథం అంటే ఆధారాన్ని ఎంత ఘాతానికి ఎత్తితే ఆ సంఖ్య వస్తుందో అది. రెండు లాగరిథాలనూ ఒకటిన్నరతో పోల్చాలి. 3 వర్గం 9, 2 ఘనం 8. 9 పెద్దది కాబట్టి మొదటి లాగరిథం ఒకటిన్నర దాటుతుంది. 5 వర్గం 25, 3 ఘనం 27. 25 చిన్నది కాబట్టి రెండోది ఒకటిన్నరకు చేరదు. మొదటిదే పెద్దది.

చదివితే సులువే అనిపిస్తుంది. ఆ ఒకటిన్నర ఎక్కడి నుంచి వచ్చిందన్నదే అసలు చిక్కు. అది తట్టేదాకా కాగితం మీద ఏం చేసినా ముందుకు సాగదు. ఇలాంటి ప్రశ్నలకు రష్యన్‌లో ‘గ్రోబ్’ అని పేరు పడింది, అంటే శవపేటిక. ఇవి అందరికీ ఇచ్చే ప్రశ్నలు కావు. ముఖ్యంగా యూదుల పిల్లల కోసం విడిగా దాచి ఉంచినవి. ఆ వడపోతలో బయటపడిపోయిన పిల్లల కోసం 1978లో ఒక గణితవేత్త తన ఇంట్లోనే విశ్వవిద్యాలయ స్థాయి తరగతులు మొదలుపెట్టారు. ఆమె పేరు బెల్లా అబ్రామోవ్నా సుబ్బోతోవ్‌స్కయా.

ఆమె 1937 డిసెంబర్ 17న పుట్టారు. 1955లో మెఖ్‌మాత్‌లోనే చేరి చదువుకున్నారు. ఈ సంవత్సరం గమనించాల్సినది. స్టాలిన్ చనిపోయి రెండేళ్లయింది. రెక్టర్ (విశ్వవిద్యాలయ అధిపతి) గణితవేత్త ఇవాన్ పెట్రోవ్‌స్కీ, విభాగాధిపతి ఆంద్రే కొల్మోగొరోవ్. ఆ కాలంలో యూదుల పిల్లలకు ఆ తలుపు ఎంతో కొంత తెరిచే ఉంది. కాబట్టి ఏది దొరికితే ఒక మనిషి గణితవేత్త అవుతారో ఆమెకు స్వానుభవంగా తెలుసు. తర్వాతి తరం ఏం పోగొట్టుకుంటున్నదో ఆమె లెక్క వేయగలిగింది అందుకే.

తలుపు మూసుకోవడం ఒక్క రోజులో జరగలేదు. 1967 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం తర్వాత సోవియట్ ప్రభుత్వానికి యూదుల మీద అనుమానం ముదిరింది. 1968లో తర్కశాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ యెసెనిన్-వోల్పిన్‌ను బలవంతంగా మానసిక చికిత్సాలయంలో పెట్టినప్పుడు 99 మంది గణితవేత్తలు నిరసన లేఖ మీద సంతకాలు చేశారు. ఆ లేఖ తర్వాత మెఖ్‌మాత్ పాలన కరడుగట్టిన వాళ్ల చేతుల్లోకి పోయింది. 1970ల్లో యూదులు దేశం వదిలి వెళ్లడం పెరిగింది. ‘మనం చదివిస్తే వీళ్లు వెళ్లిపోతారు’ అన్న వాదన అధికారులకు చేతికందిన సాకు అయింది. 1972లో దేశం విడిచే పట్టభద్రుల నుంచి చదువు ఖర్చు వసూలు చేయాలని ప్రత్యేక పన్ను కూడా వేశారు. 1973లో పెట్రోవ్‌స్కీ మరణించారు. అడ్డుపడగల పెద్దమనిషి లేకుండా పోయాడు.

యూదులను చేర్చుకోవద్దని రాతపూర్వకమైన నియమం ఎక్కడా లేదు. రాజ్యాంగం ప్రకారం అలాంటి నియమం నేరం కూడా. అందుకే పనంతా పరీక్ష ద్వారానే జరిగింది. అది నడిచిన తీరు విడమరచి చూడాలి, ఎందుకంటే గణితంలో జవాబు తప్పో ఒప్పో తప్ప వివక్షకు చోటుండదని నమ్మేవాళ్లు చాలామంది.

సోవియట్ పాస్‌పోర్టులో ఐదో గడి జాతీయత. ‘యూదు’ అన్నది అక్కడ రాసి ఉండేది. ఆ గడిలో ‘రష్యన్’ అని ఉన్నా దరఖాస్తులో తల్లిదండ్రుల పూర్తి పేర్లు, వాళ్ల తండ్రుల పేర్లతో సహా ఇవ్వాలి. ఇంటిపేరు, తాత పేరు చూస్తే ఎవరెవరో తెలిసిపోతుంది. ఆ తర్వాత నాలుగు పరీక్షలు: గణితం రాత, గణితం మౌఖికం, భౌతికశాస్త్రం మౌఖికం, రష్యన్ వ్యాసం. రాత పరీక్షలో జవాబు సరిగ్గా ఉన్నా వివరణ చాలలేదని మార్కులు కోయవచ్చు. అసలు కోత మాత్రం మౌఖికంలోనే. రాత పరీక్షలో కాగితం మిగులుతుంది. మౌఖికంలో పరీక్షకుడి మాటే సాక్ష్యం.

అనుకున్న పిల్లలను వేరే గదులకు, వేరే పరీక్షకుల దగ్గరకు పంపేవారు. చీటీ మీద ఉన్న మామూలు ప్రశ్నలకు జవాబు చెప్పాక అదనపు ప్రశ్నలు మొదలవుతాయి. ఒకటి చేస్తే ఇంకొకటి, అదీ చేస్తే మరొకటి. గట్టి పిల్లలకు ఇది నాలుగైదు గంటలు సాగేది. ప్రశ్నలతో పడగొట్టలేకపోతే నిర్వచనాల మీద పడేవారు. 1984లో అక్కడ పరీక్షకు కూర్చున్న ఎడ్వర్డ్ ఫ్రెంకెల్ (ఇప్పుడు పేరున్న గణితవేత్త) వృత్తాన్ని ‘తలం మీద ఒక బిందువు నుంచి సమాన దూరంలో ఉన్న బిందువుల సమితి’ అని చెప్పారు. తప్పన్నారు, ‘అన్ని బిందువుల సమితి’ అనాలట. పాఠ్యపుస్తకం చదివిన ఎవరైనా ఫ్రెంకెల్ ఇచ్చిన జవాబే ఇస్తారు.

శవపేటిక ప్రశ్న తయారీలో ఒక ప్రత్యేక నైపుణ్యం ఉంది. ప్రశ్న మామూలుగా కష్టమైనదైతే చాలదు, ఎందుకంటే పిల్లవాడు అప్పీలుకు వెళ్లి ఇది పాఠశాల సిలబస్‌లో లేదని వాదించవచ్చు. కాబట్టి ప్రశ్న సిలబస్ లోపలే ఉండాలి, పరిష్కారం రెండు మూడు వరుసల్లో అయిపోవాలి, ఆ వరుసలు ఇరవై నిమిషాల్లో ఎవరికీ తట్టకూడదు. అప్పీలు విన్న అధికారికి పరీక్షకుడు ఆ రెండు వరుసలూ చూపిస్తాడు: ఇంత సులువైనది కూడా చేయలేకపోయాడు అని.

ఇంకొక ఉదాహరణ. ఒక సంఖ్యను రెట్టింపు చేసి, 1 తీసేసి, ఘనమూలం కట్టి, వచ్చినదాన్ని మళ్లీ రెట్టింపు చేస్తే అదే సంఖ్య ఘనానికి 1 కలిపినంత వస్తుంది. ఆ సంఖ్య ఏది? అలవాటు ప్రకారం ఇరువైపులా ఘనం చేస్తే తొమ్మిదో ఘాతం సమీకరణం నెత్తిన పడుతుంది. అక్కడ చిక్కుకుంటే పరీక్ష అయిపోయినట్టే. దారి వేరే ఉంది. సంఖ్య ఘనానికి 1 కలిపి సగం చేయడం ఒక క్రియ. రెట్టింపు చేసి 1 తీసి ఘనమూలం కట్టడం దానికి సరిగ్గా విలోమ క్రియ. రెండూ పెరిగే ప్రమేయాలే. పెరిగే ప్రమేయమూ దాని విలోమమూ ఒకే విలువ ఇవ్వాలంటే ఆ విలువ మొదటి సంఖ్యే అయి ఉండాలి. అంటే సంఖ్య ఘనానికి 1 కలిపితే ఆ సంఖ్యకు రెట్టింపు రావాలి. ఇది మూడో ఘాతం సమీకరణం, 1 దానికి మూలమని చూడగానే తెలుస్తుంది. మిగతా రెండు మూలాలు వర్గ సమీకరణం నుంచి వస్తాయి: 5 వర్గమూలం నుంచి 1 తీసి సగం చేస్తే ఒకటి, 5 వర్గమూలానికి రుణ గుర్తు పెట్టి, అందులోంచి 1 తీసి సగం చేస్తే రెండోది. నిజంగా అందమైన లెక్క. అందమైన లెక్కను పిల్లల మెడకు ఉరితాడుగా వాడారన్నదే ఇందులో క్షమించరాని సంగతి.

చతురస్రపు గళ్ల కాగితం మీద మూడు శీర్షాలూ గళ్ల మూలల్లోనే పడేలా సమబాహు త్రిభుజం గీయగలమా అన్నది కూడా ఆ జాబితాలోదే. గీయలేం. మూలల్లో శీర్షాలుంటే వైశాల్యం పూర్ణాంకంలో సగం అవుతుంది. భుజం వర్గం పూర్ణాంకం కాబట్టి సమబాహు సూత్రం ప్రకారం వైశాల్యంలో 3 వర్గమూలం తప్పక మిగులుతుంది. రెండూ పొసగవు.

తప్పిన మగపిల్లలకు ఇంకో గండం ఉంది. ఏ కళాశాలలోనూ చేరకపోతే పద్దెనిమిదేళ్లకు సైన్యం పిలుపు వస్తుంది. మాస్కో విశ్వవిద్యాలయం పరీక్షలు జులైలో, చాలా ఇతర సంస్థల పరీక్షలు ఆగస్టులో. కాబట్టి ఓడిపోయినవాళ్లు ఆ నెల రోజుల్లో యూదులను చేర్చుకునే చోటు వెతుక్కోవాలి. గుబ్కిన్ చమురు, వాయు సంస్థ అలాంటి చోటు. విద్యార్థులు దాన్ని ‘కెరోసింకా’ అనేవారు, కిరసనాయిలు పొయ్యి అని. రైల్వే ఇంజినీర్ల సంస్థ మరొకటి. వాటిల్లో అనువర్తిత గణితం ఉంది, మంచి ఉపాధ్యాయులూ ఉన్నారు. అయితే అక్కడి గణితం ఇంజినీరుకు సరిపడేంత. సిద్ధాంతాలను మొదటి మెట్టు నుంచి రుజువు చేస్తూ బీజగణితం, విశ్లేషణ నేర్పే మెఖ్‌మాత్ తొలి రెండేళ్ల చదువు అక్కడ దొరకదు. పద్దెనిమిదికీ ఇరవైకీ మధ్య ఆ పునాది పడకపోతే తర్వాత పరిశోధనలోకి వెళ్లడం చాలా కష్టం. వివక్ష చేసిన అసలు నష్టం ఈ రెండేళ్లు. పట్టా వేరే చోట కూడా వస్తుంది.

సుబ్బోతోవ్‌స్కయా పూడ్చడానికి పూనుకున్నది సరిగ్గా ఈ రెండేళ్లనే. అధికారులకు విజ్ఞప్తులు రాసి తలుపు తెరిపించే పని ఆమె పెట్టుకోలేదు. తలుపు అవతల చెప్పే పాఠాలను తలుపు ఇవతలికి తెచ్చారు.

ఆమెతో ఇద్దరు నిలబడ్డారు. వలేరి సెండెరోవ్, బోరిస్ కనేవ్‌స్కీ. ఇద్దరూ గణితం తెలిసినవాళ్లు. ప్రవేశ పరీక్షల రోజుల్లో వీళ్లిద్దరూ భవనం బయట నిలబడి, బయటికొచ్చిన పిల్లలను ఏం అడిగారో అడిగి రాసుకునేవారు, అప్పీళ్లు రాయడంలో సాయపడేవారు. పరీక్షకుల ఏర్పాటులో ఉన్న లోపం ఇక్కడే బయటపడింది. శవపేటిక ప్రశ్నలు కొల్లలుగా పుట్టవు. వాడినవే మళ్లీ వాడాలి. పిల్లలు ఓడిపోయినా ప్రశ్నను తలలో పెట్టుకుని బయటికి వస్తారు. ఆ ప్రశ్నల జాబితా పెరిగే కొద్దీ, ఎవరికి ఏ ప్రశ్న పడిందో పక్కపక్కన పెట్టి చూస్తే, వడపోత కళ్ల ముందు కనిపించింది.

వాళ్లు 1979 ప్రవేశాల మీద తీసిన లెక్క చూడండి. మాస్కోలోని పేరున్న గణిత పాఠశాలల నుంచి మెఖ్‌మాత్‌కు దరఖాస్తు చేసిన పిల్లల్లో యూదులు కానివాళ్లు 47 మంది, యూదులు 40 మంది. మొదటి గుంపులో ఒలింపియాడ్ బహుమతులు పొందినవాళ్లు 14 మంది, రెండో గుంపులో 26 మంది. చేరినవాళ్లు? మొదటి గుంపులో 40 మంది. రెండో గుంపులో 6 మంది. ఒకే పాఠశాలలు, ఒకే ఉపాధ్యాయులు, ఒకే ఊరు; సన్నద్ధతలో తేడా ఉందన్న సాకు నిలవదు. ఏ ఒక్క పిల్లవాడి కేసు తీసుకున్నా ‘ఆ రోజు సరిగ్గా చెప్పలేదు’ అని దాటేయవచ్చు. ఇలా పోల్చదగిన గుంపులను ఎదురెదురుగా పెట్టినప్పుడు ఆ మాట చెల్లదు. సెండెరోవ్, కనేవ్‌స్కీ దీన్నంతా 1980లో ‘మేధో జాతిహననం’ అన్న పేరుతో రాసి, సెన్సారు కళ్లుగప్పి రహస్య ప్రతులుగా తిప్పారు.

సుబ్బోతోవ్‌స్కయా పని దీనికి పూర్తిగా భిన్నమైన స్వభావం గలది. ఒక విశ్వవిద్యాలయం నడవాలంటే కావలసినవన్నీ ఒక్కరే చూసుకోవడం. ఎవరు ఏ రోజు ఏం చెబుతారో కుదర్చాలి. ఎక్కడ కూర్చుంటారో చూడాలి. తరగతులు మొదట ఆమె అపార్ట్‌మెంట్‌లోనే. పిల్లలు పెరిగాక చోటు చాలక ఒక కిండర్‌గార్టెన్‌కు, కెరోసింకా గదులకు, చివరికి మాస్కో విశ్వవిద్యాలయంలోనే వేరే విభాగాల ఖాళీ గదులకు మారాయి. ఏ భవనం లోపలికి రానివ్వలేదో అదే ప్రాంగణంలో ఆ పిల్లలు కూర్చుని పాఠాలు విన్నారు. ఉపన్యాసాల సారాంశాలకు నకళ్లు తీసి పంచాలి. ఇది వినడానికి చిన్న పని. సోవియట్ దేశంలో కాపీ యంత్రాలు తాళం కింద ఉండేవి, ఏ కాగితం ఎన్ని ప్రతులు తీశారన్నదానికి లెక్క చెప్పాలి. అందువల్ల ప్రతి నోట్సు కట్టా ఒక చిన్న ప్రమాదమే. కళాశాల నుంచి ఆకలితో వచ్చిన పిల్లలకు శాండ్‌విచ్‌లు కూడా ఆమే చేసి పెట్టేవారు. వాటి గురించి ఆనాటి విద్యార్థులు ఇప్పటికీ తలచుకుంటారు.

ఫీజు లేదు, జీతం లేదు, పట్టా లేదు. పట్టా లేకపోవడం వల్లనే అది నిలబడింది కూడా. పిల్లలు పగలు తమ సంస్థల్లో పేరు ఉంచుకున్నారు కాబట్టి సైన్యం బెడద లేదు, పట్టా అక్కడి నుంచి వస్తుంది, ఇక్కడికి రావడానికి గణితం మీద ఆకలి తప్ప వేరే కారణం ఉండదు. బయటివాళ్లు దీన్ని ‘యూదు ప్రజా విశ్వవిద్యాలయం’ అన్నారు. తరగతుల్లో మాత్రం జాతీయత ఎవరూ అడగలేదు, యూదులు కానివాళ్లూ వచ్చి కూర్చున్నారు. ఐదో గడిని చూసి మనిషిని వేరు చేసే పద్ధతికి ఇంతకంటే సూటి జవాబు ఉండదు.

పాఠాలు చెప్పినవాళ్ల పేర్లు వింటే గణితం తెలిసినవాళ్లు ఉలిక్కిపడతారు. దిమిత్రి ఫుక్స్, అలెక్సీ సోసిన్‌స్కీ, బోరిస్ ఫీగిన్, ఆంద్రే జెలెవిన్‌స్కీ, అలెగ్జాండర్ వినోగ్రాదోవ్, అలెగ్జాండర్ షెన్. అమెరికా నుంచి వచ్చిన జాన్ మిల్నర్ కూడా అతిథిగా ఉపన్యసించారు; గణితంలో అత్యున్నత గౌరవాల్లో ఒకటైన ఫీల్డ్స్ పతకం పొందిన మనిషి, ఊరూపేరూ లేని ఆ తరగతిలో. 1978 నుంచి నాలుగేళ్లలో సుమారు 350 మంది చదువుకున్నారు.

ఆమె స్వంత గణితం గురించి ఈ కథలో తరచూ ఒక్క వాక్యంతో సరిపెడతారు. అది అన్యాయం. 1961లో ఇరవై మూడేళ్ల వయసులో ఆమె ప్రచురించిన పత్రం ఇవాళ గణన సంక్లిష్టత (ఒక లెక్క చేయడానికి కనీసం ఎంత పని పడుతుందో తేల్చే శాస్త్రం) చదివే ప్రతి విద్యార్థికీ ఏదో ఒక రూపంలో ఎదురవుతుంది.

ప్రశ్న ఇది. ‘మరియు’, ‘లేదా’, ‘కాదు’ అనే మూడు క్రియలతోనే తార్కిక సూత్రాలు రాయాలి. ఇన్‌పుట్లలో 1ల సంఖ్య బేసిదా సరిదా చెప్పే ప్రమేయాన్ని అలా రాస్తే సూత్రం కనీసం ఎంత పొడవు ఉండాలి? సూత్రాన్ని చెట్టుగా గీస్తే, చరరాశులు కనిపించే ప్రతి చోటూ ఒక ఆకు. ఆకుల సంఖ్యే పొడవు. ఇంతకంటే పొట్టి సూత్రం లేదని రుజువు చేయడం చాలా కష్టం, ఎందుకంటే అన్ని సూత్రాలనూ ఒక్కసారే అడ్డుకోవాలి.

ఆమె ఉపాయం: ఒక చరరాశిని ఎంచుకుని దానికి 0 గానీ 1 గానీ స్థిరంగా ఇచ్చేసి, సూత్రం ఎంత కుంచించుకుపోతుందో చూడడం. ‘ఎన్’ చరరాశులుంటే, సగటున ఒక్కోదానికి మొత్తం ఆకుల్లో ‘ఎన్’వ వంతు ఉంటుంది. ఎక్కువసార్లు వచ్చే చరరాశిని పట్టుకుంటే కనీసం అన్ని ఆకులు పోతాయి. అంతటితో ఆగదు. ‘మరియు’కు ఒక వైపు 0 వస్తే రెండో వైపు మొత్తం అనవసరం. ‘లేదా’కు 1 వచ్చినా అంతే. కాబట్టి ప్రతి ఆకు పక్కనున్న కొమ్మ, 0, 1లలో ఏదో ఒక విలువకు తప్పక రాలిపోతుంది. రెండు విలువల్లో మంచిదాన్ని ఎంచుకుంటే పక్క కొమ్మల్లో కనీసం సగం పోతాయి. అంటే ఒక వంతు బదులు ఒకటిన్నర వంతు తగ్గుదల. ఇలా చరరాశులను ఒక్కొక్కటే స్థిరం చేస్తూ చివరికి ఒక్కటే మిగిలేదాకా వెళ్తే, ప్రతి మెట్టులోని ఆ ఒకటిన్నర పేరుకుని ఘాతంలో చేరుతుంది. చివర మిగిలిన చరరాశికి కనీసం ఒక ఆకు కావాలి, ఎందుకంటే బేసి-సరి ప్రమేయం ఎన్ని స్థిరం చేసినా స్థిరరాశిగా మారదు. వెనక్కి లెక్కిస్తే సూత్రం పొడవు ‘ఎన్’ ఒకటిన్నర ఘాతం కంటే తక్కువ కాలేదు.

ఈ ప్రమేయానికి సరైన హద్దు ‘ఎన్’ వర్గమని 1971లో ఖ్రప్చెంకో వేరే దారిలో చూపించారు. అయినా సుబ్బోతోవ్‌స్కయా పద్ధతి పాతబడలేదు. చరరాశులను యాదృచ్ఛికంగా స్థిరం చేసి మిగిలినదాన్ని చూడడం 1980ల్లో తార్కిక వలయాలు (సర్క్యూట్లు) కనీసం ఎంత పెద్దవి కావాలో తేల్చడంలో ప్రధాన ఆయుధమైంది. ఆమె ఒకటిన్నర దగ్గర మొదలుపెట్టిన కుంచింపు ఘాతం నిజానికి 2 అని యోహాన్ హాస్టాద్ 1998లో స్థిరపరిచారు.

1982 వేసవిలో దెబ్బ పడింది. జూన్‌లో సెండెరోవ్, కనేవ్‌స్కీ అరెస్టయ్యారు. సెండెరోవ్‌కు ఏడేళ్ల కఠిన శిబిరం, ఆపై దేశంలోనే దూర ప్రాంతంలో ఐదేళ్ల ప్రవాసం విధించారు. కనేవ్‌స్కీకి ప్రవాస శిక్ష. సుబ్బోతోవ్‌స్కయాను కేజీబీ పిలిపించి ప్రశ్నించింది. మిత్రుల మీద సాక్ష్యం చెప్పడానికి ఆమె ఒప్పుకోలేదు. సెప్టెంబర్ 23 రాత్రి తల్లిని చూసి ఇంటికి తిరిగి వెళ్తుండగా, జనసంచారం లేని వీధిలో ఒక ట్రక్కు ఆమెను గుద్దేసి ఆగకుండా వెళ్లిపోయింది. వయసు 44. అధికారికంగా అది రోడ్డు ప్రమాదం. అది హత్యేనని ఆమెను ఎరిగిన చాలామంది నమ్మారు, ఇప్పటికీ నమ్ముతున్నారు. రుజువు బయటపడలేదు. అంత్యక్రియలకు వచ్చినవాళ్లలో ఒక్కరూ నోరు తెరిచి మాట్లాడలేదు.

ఆమె పోయాక తరగతులు ఎక్కువ కాలం సాగలేదు. ఇది ఆ ఏర్పాటులోని బలహీనత. గదులు, నకళ్లు, వేళలు అన్నీ ఒక్క మనిషి చేతి మీదుగా నడిచాయి, ఆ చేయి లేకపోయాక పట్టుకునేవాళ్లు జైల్లో ఉన్నారు. సెండెరోవ్ 1987లో విడుదలయ్యారు. శవపేటిక ప్రశ్నలు ఆ దశాబ్దం చివరిదాకా మెఖ్‌మాత్‌లో కొనసాగాయి.

1991లో మాస్కోలో స్వతంత్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. ప్రజా విశ్వవిద్యాలయంలో చెప్పిన సోసిన్‌స్కీ, ఫీగిన్, షెన్ అక్కడ పాఠాలు చెప్పారు. తరగతులు సాయంత్రం వేళ, పగలు వేరే చోట చదివేవాళ్లు కూడా రాగలిగేలా. ప్రవేశ పరీక్ష లేదు. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. మొదటి సెమిస్టరు చివర పరీక్షలు రాసి నెగ్గినవాళ్ల పేర్లు విద్యార్థుల జాబితాలో చేరతాయి.